తప్పుల మూట, తీగ వంతెన

సూర్యుడు కొండల మీద బారెడు పైకి వచ్చేసరికి మణిమంత రాజకుమారుడు అరిందముడు నిప్పులోయ అంచుకు చేరుకున్నాడు.

చేరుకుని ఏం చూశాడయ్యా అంటే, చెప్పడానికి నోరు చాలదు. కాళ్ల కింద నిట్టనిలువుగా దిగిపోయిన నల్లటి బండలు. వాటి అడుగున కరిగిన శిల బెల్లప్పాకంలా బుడగలు కక్కుతూ ఉడుకుతోంది. అందులోంచి లేచిన ఆవిరి ఒక క్షణం పసుపుపచ్చగా, మరుక్షణం కెంపు ఎరుపుగా, ఆపైన నెమలికంఠపు నీలంగా మారుతూ ఆకాశానికి ఎగబాకుతోంది. ఆ ఆవిరి తెరల వెనక, ఆవలి గట్టు మీద, మాంత్రికుడు ధూమ్రజటుడి కోట. నల్లరాతి గోడల నిండా కోరలు చాచిన యాళి మృగాల బొమ్మలు, ఆ బొమ్మల కళ్లలో పొదిగిన రత్నాలు, గాలి లేకపోయినా బురుజుల మీద రెపరెపలాడే జెండాలు. కోట వాకిట రెండు తలల రాబందు ఒకటి రెక్కలు ముడుచుకుని గుర్రుపెట్టి నిద్రపోతోంది. రాత్రంతా కాపలా కాసి పగలు పడుకోవడం దాని అలవాటు.

రాబందుకు ఇవతల, సరిగ్గా లోయ అంచున ఒక రాతి స్తంభం. ఆ స్తంభానికి ఆనుకుని అరిందముడి అక్క మందారమాల.

అక్క నిలబడి ఉంది అందామంటే మనసు రావడం లేదు. ఛాతీ దాకా ఆమె రాయి అయిపోయింది.

పాపం, ఆ పిల్ల చేసిన నేరం లెక్కలు బాగా రావడమే. గ్రహణం పట్టే ఘడియలో క్షుద్రపూజ చేసి మూడు రాజ్యాలను మింగాలని ధూమ్రజటుడి ఆలోచన. ఆ ఘడియ ఏదో కచ్చితంగా లెక్క కట్టగలిగింది మందారమాల ఒక్కతే. అందుకని ఎత్తుకుపోయాడు. "నీ పాపిష్టి పూజకు నా లెక్క దొరకదు, పో" అంది ఆమె. వాడు మండిపడి శపించాడు. పాదాల దగ్గర మొదలైన రాయి నెలల తరబడి మెల్లగా పైకి పాకి, ఇవాళ జోరందుకుంది. ఈ సాయంత్రానికి అది నాలుకను తాకుతుంది. తాకిందా, ఇక బ్రహ్మదేవుడు దిగివచ్చినా ఆమెను మనిషిని చేయలేడు.

"చిన్నదొరా, కిందికి చూడకండి! కళ్లు తిరిగి పడ్డారంటే మీ నాన్నగారు నా తోలు ఒలిచేస్తారు" అంటూ వెనక నుంచి రాజకుమారుడి నడుం పట్టుకున్నాడు బొల్లన్న.

ఈ బొల్లన్న గురించి చెప్పాలి. మణిమంత రాజభవనంలో ఒక వింత ఆచారం ఉంది. రాజబిడ్డలు పలక మీద తప్పు రాస్తే ఆ తప్పును సూర్యుడు చూడకూడదట. చూస్తే రాజ్యానికి అరిష్టమట! అందుకని ఒక్కో రాజబిడ్డ పక్కన ఒక్కో తుడుపు కొలువువాడు తడిగుడ్డ పట్టుకుని నిలబడతాడు. గురువుగారు "ఊహూఁ" అన్నారో లేదో, గుడ్డ పలక మీద పడాల్సిందే. బొల్లన్న తాతలూ తండ్రులూ ఆ కొలువులోనే తలలు నెరిపించుకున్నారు. బొల్లన్న చెయ్యి ఎంత చురుకంటే, అరిందముడు తను రాసిన తప్పును చదువుకున్న పాపాన ఎన్నడూ పోలేదు.

తప్పు ఎక్కడ జరిగిందో తెలియకపోతే రేపు దిద్దుకునేదెలా? అరిందముడు ఎప్పటికీ దిద్దుకోలేదు. "ఈ బాబు తలకు అంకెలు ఎక్కవు మహారాజా, ఇది పుట్టుక గుణం" అని ఆస్థాన గురువు తేల్చేశారు. అందరూ నమ్మారు. అరిందముడైతే అందరికన్నా ముందు నమ్మాడు. అక్క మాత్రం తమ్ముడు చిన్నబుచ్చుకుంటే చూడలేక తెర చాటు నుంచి వేళ్లతో జవాబులు చూపించేది. ఆమెది ప్రేమే, అందులో అనుమానం లేదు. కానీ ఆ వేళ్లను చూసీ చూసీ కుర్రవాడు పలకను చూడటమే మానేశాడు.

అలాంటివాడు ఇవాళ లోయను కొలవడానికి వచ్చాడంటే, మధ్యలో ఒక వానాకాలం గడిచింది.

అక్కను వెతుకుతూ బయలుదేరిన అరిందముణ్ణి దారిలో ధూమ్రజటుడి ఇనుప తోడేళ్లు తరిమాయి. కత్తి పెట్టి కొడితే కత్తి విరిగింది. బాణం వేస్తే బాణం వంగింది. గుర్రం తాళ్లు తెంచుకుని పారిపోయింది. యజమానీ సేవకుడూ పరుగో పరుగు! చివరికి ఒక జలపాతంలోకి కళ్లు మూసుకుని దూకారు. దూకితే నీటి తెర వెనక గుహ. ఆ గుహలో పొయ్యి ముందు కూర్చుని ఉలవచారు కాచుకుంటున్న ఒక ముసలమ్మ.

"తోడేళ్లు నీళ్లలోకి రావు, తుప్పు భయం వాటికి. తడిబట్టలు విప్పి ఆరేసుకోండి నాయనా" అంది ఆమె, మనుషులు రోజూ తన గుహలోకి ఇలాగే దూకుతున్నట్టు.

ఆమె పేరు గిరికాంబ. ఒకప్పుడు ధూమ్రజటుడికి అక్షరాలు నేర్పిన గురువు. "వాడికి జవాబులే కావాలి, దారి అక్కర్లేదు. జవాబులున్న పుస్తకాలన్నీ మోసుకుపోయాడు. మిగిలినవి చెత్త అని నాకు వదిలేశాడు. వాడి మేలు మరిచిపోలేను" అని నవ్వింది.

అరిందముడు తన కథ చెప్పాడు. అంతా విని ఆమె, అక్కను పట్టిన రాతి శాపం సంగతి చెప్పి, గోడ గూట్లోంచి రెండు వస్తువులు తీసింది. ఒకటి వాడిపోని ఆకు. దాన్ని నాలుక మీద పెడితే రాయి మనిషవుతుంది. రెండోది చుట్టగా చుట్టిన పచ్చటి తీగ.

"లోయ మీద ఇదే నీకు వంతెన. 'ఎన్ని మూరలు?' అని అడుగుతుంది. నువ్వెంత చెబితే అంత సాగుతుంది. చెప్పినవాడి మూరే దాని మూర. తక్కువ చెప్పావా, మధ్యలో వేలాడతావు. ఎక్కువ చెప్పావా, దాని కొస పోయి ఆ రాబందు పొట్టలో గుచ్చుకుంటుంది. రెండుసార్లే మాట వింటుంది, తర్వాత బూడిదవుతుంది."

"మరి లోయ ఎన్ని మూరలవ్వా?"

"నాకేం తెలుసు? భూమి అదిరినప్పుడల్లా అది మారుతుంది. పోయి కొలుచుకో."

అరిందముడు తల వంచుకున్నాడు. "నాకు లెక్కలు రావవ్వా. పుట్టుకతోనే రావు."

"పుట్టుకతో నీకు నడక వచ్చిందా?"

"లేదు."

"మరి పడ్డప్పుడల్లా ఎవరైనా వచ్చి నేలను తడిగుడ్డతో తుడిచారా?"

బొల్లన్న చేతిలోని గుడ్డను మెల్లగా వీపు వెనక దాచుకున్నాడు.

బయట వాన కుండపోతగా కురుస్తోంది. అది వెలిసేదాకా లోయ దారి పట్టడం ఎవరివల్లా కాదు. అలా మొదలైంది రాజకుమారుడి చదువు.

ఆ గుహలో గూళ్ల నిండా తాళపత్రాల కట్టలు. మొదట గిరికాంబ గింజల పుస్తకం ఇచ్చింది. అందులో ఒక్కో ఆకుకూ చింతగింజలు ముందు పోసుకుని చదవాలి. గింజలు జరుపుతూ, కుప్పలు పెడుతూ, విడదీస్తూ అరిందముడు చిన్నపిల్లాడిలా నేల మీద పాకాడు. గుణకారం అంటే అక్క వేళ్లు కాదు, వరుసలో పేర్చిన గింజలని తెలిసినప్పుడు "ఓహో! ఇంతేనా?" అని గుహ దద్దరిల్లేలా అరిచాడు. తర్వాత గీతల పుస్తకం. అందులో మాటలు తక్కువ, బొమ్మలు ఎక్కువ. ముడులు వేసిన తాడుతో చతురస్రపు మూలలాంటి తిన్నని మూల ఎలా గీయాలో, ఒక త్రికోణం పక్కన దాని బిడ్డలాంటి చిన్న త్రికోణం ఎలా కూర్చుంటుందో ఆ బొమ్మల్లోనే నేర్చుకున్నాడు.

చిట్టచివర ఇచ్చింది తప్పుల మూట.

పేరుకు తగ్గట్టే అది మూటంత ఉంది. రాసింది ఎవరో ఒక తల్లి. పేరున్న ఆకును చెదలు తినేశాయి. ఆవిడ ప్రతి లెక్కనూ ముందు తను ఎలా తప్పు చేసిందో రాసి, దాన్ని కొట్టెయ్యకుండా అలాగే ఉంచి, ఆపైన ఎలా సరిదిద్దుకుందో రాసింది. ఒకచోట "పిల్లకు పాలిచ్చి వచ్చేసరికి ఎక్కడ ఆగానో మరిచిపోయి ఇక్కడ తప్పాను. నవ్వుకో. నవ్వడం అయ్యాక మళ్లీ మొదటి వరుస చదువు" అని ఉంది. ఇంకోచోట "ఇది నాకు ఎండాకాలం మొదట్లో రాలేదు. మామిడికాయలు అయిపోయే వేళకు వచ్చింది. నీకు ముందే వస్తే సంతోషం, ఆలస్యమైతే నేను తోడున్నాను" అని ఉంది.

ఆ వాక్యం చదివి అరిందముడు ఏడ్చాడు. రాజకుమారులు ఏడవకూడదంటారు గానీ, ఏడవకపోతే వాడు మనిషెలా అవుతాడు? ఇన్నేళ్లూ అతని పక్కన నిలబడ్డవాళ్లే గాని కూర్చున్నవాళ్లు లేరు. ఎన్నడో కాలం చేసిన ఆ తల్లి వచ్చి పక్కన చాప వేసుకుని కూర్చున్నట్టు అనిపించింది. పేరు తెలియదు కాబట్టి ఆ ఆకునే కళ్లకు అద్దుకున్నాడు.

బొల్లన్నకు మాత్రం ఆ పుస్తకం చూస్తే ఒళ్లంతా జెర్రులు పాకినట్టుండేది. "అన్ని తప్పులా! అలా బార్లా తెరిచి ఉంచడమా!" అని ఒకనాడు ఉండబట్టలేక గుడ్డతో ఒక ఆకు తుడవబోయాడు. గిరికాంబ గరిటె తీసుకుని గుహ మూడు చుట్లు తరిమింది.

వాన వెలిసింది. బయలుదేరేముందు గిరికాంబ ఒక ఖాళీ ఆకూ గంటమూ ఇచ్చింది. "ఇక్కడ చదువుకున్నవాళ్లంతా తమ తప్పొకటి రాసి మూటకు చేర్చి వెళ్తారు. సిగ్గుపడకు. నీ వెనక వచ్చేవాడికి అది పనికొస్తుంది."

అరిందముడు చాలాసేపు గంటం పట్టుకుని కూర్చున్నాడు. తర్వాత రాశాడు. రాసి, కింద తన పేరు కూడా పెట్టాడు. మణిమంత రాజవంశంలో తప్పు కింద పేరు పెట్టినవాడు అతనే మొదటివాడు. "అవ్వా, మీ రుణం ఎలా తీర్చుకోను?" అని కాళ్ల మీద పడితే "లేచి పో, అక్క ఎదురు చూస్తోంది" అని ముక్కు తుడుచుకుంది ముసలమ్మ.

అదీ సంగతి. ఇప్పుడు మళ్లీ లోయ అంచుకు వద్దాం.

అరిందముడు మోచేతి నుంచి వేలి కొస దాకా ఒక రెల్లుపుల్ల విరిచి మూరకర్ర చేసుకున్నాడు. అక్క ఆనుకున్న స్తంభానికి సరిగ్గా ఎదురుగా ఇవతలి అంచున ఒక మేకు దిగ్గొట్టాడు. ముడుల తాడుతో మూల సరిచూసుకుని, లోయ అంచు వెంబడి ముప్పై మూరలు నడిచి రెండో మేకు కొట్టాడు.

"ఇంకో ముప్పై నడవండి దొరా, గుహలో అలాగే కదా చేశారు" అన్నాడు బొల్లన్న.

నిజమే. అంతే దూరం నడిచి, అక్కణ్ణుంచి లోయకు వీపు పెట్టి వెనక్కి పోతూ, రెండో మేకూ ఆవలి స్తంభమూ ఒకే వరుసలో కనిపించే చోట ఆగితే, వెనక్కి నడిచినంతే లోయ వెడల్పు. కానీ అంత వెనక్కి నడవడానికి చోటేదీ? ఇరవై మూరల అవతల విషపు ముళ్ల అడవి గోడ కట్టినట్టు నిలబడి ఉంది. గీసుకుంటే చాలు, ప్రాణం పోతుంది. అందుకని పది మూరలకే మూడో మేకు కొట్టి వెనక్కి తిరిగాడు. అడుగులో అడుగు వేసుకుంటూ, తలతిప్పి చూసుకుంటూ పోయాడు. రెండో మేకు స్తంభాన్ని కప్పేసిన చోట ఆగాడు. కొలిస్తే పద్నాలుగు మూరలు.

ఇసుకలో బొమ్మ వేసి అంకెలన్నీ రాశాడు. తలెత్తి చూస్తే రాయి అక్క భుజాలు దాటింది. పాత అలవాటు ఊరుకుంటుందా, అతని చూపు నేరుగా అక్క చేతి వేళ్ల మీదికి పోయింది. ఆ వేళ్లు ఎప్పుడో రాయి అయ్యాయి. ఆమె కళ్లు మాత్రం తమ్ముడినే చూస్తున్నాయి. మాట్లాడితే రాబందు లేస్తుందని పెదవులు బిగపట్టింది.

"ముప్పైకన్నా పది ఇరవై తక్కువ. అంటే ఇక్కడా ఇరవై తక్కువే అయి ఉంటుంది. పద్నాలుగుకు ఇరవై కలిపితే ముప్పైనాలుగు!" అని అరిందముడు మొదటి మేకు దగ్గరి బండకు తీగ ఒక కొస చుట్టి, మిగతా చుట్ట విప్పాడు.

"ఎన్ని మూరలు?" అంది తీగ, దోమ పాడినంత సన్నగా.

"ముప్పైనాలుగు."

తీగ సర్రున దూసుకుపోయింది! ఆవిరి తెరలు చీల్చుకుంటూ పోయి గాలిలో గట్టిపడింది. కొస ఆవిరిలో కనిపించడం లేదు. అరిందముడు దాన్ని పట్టుకుని కాళ్లు పెనవేసి పాకడం మొదలుపెట్టాడు. సగం దాటాడు. ఇంకాస్త దాటాడు. వెంట్రుకలు కమురు వాసన వేస్తున్నాయి. చెయ్యి చాచి తీగను అందుకోబోతే ఏముంది? ఏమీ లేదు! తీగ అయిపోయింది. ఆవలి గట్టు ఇంకా ఇద్దరు మనుషుల పొడవంత దూరంలో ఉంది. అక్క కళ్లు విప్పారాయి. బరువుకు తీగ వంగి ఒక్కసారిగా ఊగింది. అరిందముడు ఊయలలా వెనక్కి వచ్చి ఇవతలి బండకు ధనామని కొట్టుకున్నాడు. రాబందు ఒక తల ఎత్తి, ఒక కన్ను తెరిచి, ఆవులించి మళ్లీ పడుకుంది.

"ఓరి నాయనో! చిన్నదొరా! పట్టు వదలకండి!" బొల్లన్న నేల మీద బోర్లా పడుకుని, ముసలి ప్రాణాన్నంతా చేతుల్లోకి తెచ్చుకుని లాగాడు. లాగి గట్టున పడేశాడు. అరిందముడికి కాసేపు పగలే చుక్కలు కనిపించాయి.

కళ్లు తెరిచి ఇసుక వైపు చూశాడు.

ఇసుక నున్నగా ఉంది. బొమ్మ లేదు, అంకెలు లేవు, మేకులు కూడా లేవు!

"సూర్యుడు చూడకముందే తుడిచేశాను దొరా" అన్నాడు బొల్లన్న ఆయాసపడుతూ, మెచ్చుకోలు కోసం ఎదురుచూస్తూ. "మేకులు కూడా పీకి లోయలో పారేశాను. తప్పు ఆనవాలు ఒక్కటి మిగిల్చానంటే నన్నడగండి."

అరిందముడు నున్నటి ఇసుకను చేతులతో తడిమాడు. కొలత తప్పా, కట్టిన లెక్క తప్పా? మూల వంకరపోయిందా, అంకె తప్పు చదివాడా? చూసి తెలుసుకుందామంటే చూడటానికి ఏముంది? దెబ్బకు తల దిమ్మెక్కి, తీగకు చెప్పిన ముప్పైనాలుగు తప్ప కొలిచిన అంకెలు కూడా సరిగా గుర్తు లేవు. తీగ ఇక ఒక్కసారే మాట వింటుంది. 'ఈ బాబు తలకు అంకెలు ఎక్కవు' అన్న పాత గొంతు చెవిలో మోగింది. నిజమేనేమో అనిపించింది కూడా.

బొల్లన్న ముఖం చిన్నబోయింది. "నేను... నేనేమైనా పాపం చేశానా దొరా?"

అరిందముడు ఆ ముఖం చూశాడు. ఇప్పుడే తన ప్రాణం లాగి గట్టున వేసిన చేతులు చూశాడు. కోపం ఎటు పోయిందో పోయింది. "నువ్వు లేకపోతే ఈపాటికి వేగిపోయేవాణ్ణి బొల్లన్నా. నీకు వెయ్యి దణ్ణాలు. కానీ ఒక్కటి అడుగుతాను, కాదనకు. ఆ గుడ్డ నడుముకు బిగించి ముడి వేసుకో. ఇవాళ నేనెన్ని తప్పులు చేసినా సూర్యుణ్ణి కడుపునిండా చూడనీ."

బొల్లన్న కళ్ల నీళ్లు పెట్టుకుని ముడి వేసుకున్నాడు. కొత్త మేకులు చెక్కాడు. కుర్రవాడు మళ్లీ కొలిచాడు. అంచు వెంబడి ముప్పై. అక్కడ రెండో మేకు. ఈసారి తొందరపడలేదు. మూటలో ఆ తల్లి అన్నట్టు, తెలియనప్పుడు ముందు చిన్నదాంతో ఆడుకోవాలి. పది మూరలకు బదులు ఐదు మూరలే నడిచి వెనక్కి పోయి చూశాడు. స్తంభం మేకు చాటుకు వచ్చింది ఏడు మూరల దగ్గర. ఇసుకలో రాసుకున్నాడు. పది మూరలు నడిచి చూశాడు. పద్నాలుగు. రాసుకున్నాడు.

రెండు అంకెలూ పక్కపక్కన సూర్యుడి ఎదుటే మెరుస్తున్నాయి. అరిందముడు వాటిని చూస్తూ గొంతుక్కూర్చున్నాడు.

"ఐదు పెరిగితే ఐదు పెరగాలి కదా, నేను కలిపినట్టయితే? ఏడు కాస్తా పన్నెండు కావాలి. కానీ పద్నాలుగైంది! బొల్లన్నా, ఇది కలిపేది కాదు! ప్రతి ఐదుకీ ఏడు! ఐదుకు ఏడు, పదికి పద్నాలుగు, పదిహేనుకు ఇరవై ఒకటి..."

అప్పుడు గుర్తొచ్చింది. మూటలో ఇదే తప్పు ఉంది! 'నేనూ ఇక్కడ కలిపేశాను' అని ఆ తల్లి రాసిన ఆకు చదివి కడుపుబ్బ నవ్వాడు కూడా. నవ్వి, వచ్చి, తనూ అదే చేశాడు. మళ్లీ నవ్వొచ్చింది. ఆ నవ్వులో భయమంతా ఎగిరిపోయింది. "తల్లీ, నీకు శతకోటి దణ్ణాలు" అనుకుంటూ వరుసగా ఐదులూ ఏడులూ రాసుకుంటూ పోయాడు. ముప్పై దగ్గర వేలు ఆగింది.

"నలభైరెండు."

"ఖాయమేనా దొరా?" అని అడిగాడు బొల్లన్న.

"ముందుసారి ఎనిమిది మూరలు తక్కువ పడింది. ఇద్దరు మనుషుల పొడవంత దూరం కనిపించింది కదా, సరిపోయింది. ఖాయం."

ఎండ పడమటికి వాలింది. రాయి అక్క గడ్డం తాకుతోంది. తీగ అడిగింది, రాజకుమారుడు చెప్పాడు. సర్రుమని పోయిన తీగ ఆవలి స్తంభాన్ని ముద్దు పెట్టుకున్నట్టు తాకి చుట్టుకుంది. అటు ఒక వేలు ఎక్కువ లేదు, ఇటు ఒక వేలు తక్కువ లేదు.

అరిందముడు పాకలేదు, పరుగెత్తాడు! ఆవలి గట్టున దూకి, నడుము నుంచి ఆకు తీసి, అక్క పెదవులు విప్పి నాలుక మీద పెట్టాడు. రాయి గడ్డం దగ్గర ఆగింది. చిటపట పగుళ్లు పడ్డాయి. భుజాలు, చేతులు, నడుము, ఒక్కొక్కటిగా పెంకులు రాలిపోయి కింద బంగారంలాంటి మనిషి బయటపడింది. మందారమాల తూలి తమ్ముడి మీద వాలింది.

"జవాబు ఎవరు చెప్పార్రా నీకు?" అంది, మొట్టమొదటి మాటగా.

"ఒక అవ్వ, ఒక తల్లి, చింతగింజలు, ఆఖర్న మన బొల్లన్న" అన్నాడు అరిందముడు. "చాలామంది అక్కా. తర్వాత అందరి గురించీ చెబుతాను."

"నా వేళ్లు లేకుండానే..." అంటూ ఆమె తమ్ముడి బొబ్బలెక్కిన అరచేతులు కళ్లకు అద్దుకుంది. "బతికించావురా. ఒరే, లెక్క కట్టి బతికించావురా!"

ఆ ముచ్చట ఎంతసేపని సాగుతుంది? రాలిన రాతి పెంకుల చప్పుడుకు రాబందు రెండు తలలూ ఒకేసారి లేచాయి. అది రెక్క విప్పేసరికి గట్టంతా చీకటి కమ్మింది. అటు చూస్తే తీగ కొస నుంచి బూడిదవుతూ లోయలోకి రాలిపోతోంది. దారి మూసుకుపోయింది.

"ఓయ్! రెండు తలల కోడీ! ఇటు రావే, ఇటు!" అవతలి గట్టు నుంచి బొల్లన్న నడుముకు కట్టిన గుడ్డ విప్పి గిరగిరా తిప్పుతూ గంతులేశాడు. రాబందు మండిపడి లోయ మీదుగా అతని వైపు దూసుకుపోయింది. బొల్లన్న ఒక బండ సందులోకి దూరిపోయాడు. పక్షి ముక్కుతో బండను పొడుస్తోంది. పొడిచి పొడిచి విసుగెత్తాక మళ్లీ ఇటే వస్తుంది.

"ఆ ముసలాయన తెగింపు వృథా పోనివ్వకూడదు. కోటలోకి పద!" అంటూ అరిందముడు అక్క చెయ్యి పట్టుకుని తలుపు దగ్గరికి ఉరికాడు.

తలుపుకు గడియ లేదు, తాళం లేదు. ఒకదాంట్లో ఒకటిగా ఇనుప వలయాలు గిర్రున తిరుగుతున్నాయి. ఒక్కో వలయానికి ఒక్కో వేగం, ఒక్కోదాని మీద ఒక్కో వెండి నక్షత్రం. అన్నీ ఒకే వరుసలోకి వచ్చే క్షణాన తోస్తేనే తలుపు తెరుచుకుంటుంది. ఒక్క క్షణం ముందు తోసినా, వెనక తోసినా యాళి బొమ్మల నోళ్లలోంచి మంటలు. ఆ సంగతి తలుపు మీదే చెక్కి ఉంది.

"అక్కా, త్వరగా చెప్పు. ఎప్పుడు తొయ్యాలి?"

మందారమాల వలయాల వైపు చూసింది. చూస్తూనే ఉంది. రాయి గొంతు దాకా వచ్చినప్పుడు కూడా వణకని పిల్ల వణికింది.

"తమ్ముడూ... నాకు రావడం లేదు." ఆ మాట ఆమె జన్మలో ఎన్నడూ అనలేదు. "నాకు రానిది ఎప్పుడూ ఎదురుపడలేదురా. ఇప్పుడేం చెయ్యాలి? నాకు రాకపోతే ఏం చెయ్యాలో నాకు తెలియదు!"

లోయ అవతల రెక్కల చప్పుడు ఇటు తిరిగింది.

"నాకు తెలుసు, కూర్చో" అన్నాడు అరిందముడు. ఆమె భుజం పట్టి పక్కన కూర్చోబెట్టుకుని, రాలిన రాతి పెంకు ఒకటి తీసుకుని నేల మీద మొదటి గీత గీశాడు.

అది తప్పని ఇద్దరికీ ఒకేసారి తెలిసింది. మందారమాల చెయ్యి తుడవడానికి ముందుకు సాగి, మధ్యలో ఆగింది. తమ్ముడి వైపు చూసి, ఇంకో పెంకు తీసుకుని, ఆ గీత పక్కనే రెండో గీత గీసింది.